ఆ పాత నంపై ఎక్కడ నక్కింది?

పదిమందీ కలిసి వాడుకునే లైనక్స్ క్లస్టర్‌లను (కలిపి ఒక్కటిగా వాడే చాలా కంప్యూటర్‌లను) 17 ఏళ్లుగా చూసుకుంటున్నాను. వాటి మీద సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడంలో మీకు ఎదురవుతున్న ఇబ్బందులు రాయమంటే చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ వాటిలో ఉన్నది ఒకే మాట: "నేను పెట్టింది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి." అందుకని ఆ ప్రశ్నే ముందు తీసుకుంటున్నాను. కొత్తవాళ్ల కోసం ఒక మాట: నంపై అంటే పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ. కోండా, పిప్ ప్యాకేజీలను పెట్టే పనిముట్లు. ఎన్విరాన్‌మెంట్ అంటే ఒక పనికి కావాల్సిన ప్యాకేజీలను విడిగా ఉంచుకునే చోటు.

ప్రశ్న: మేడమ్, నమస్తే. కొత్తగా కోండా ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుని అందులో నంపై కొత్త వెర్షన్ పెట్టాను. కోండా లిస్ట్‌లో కొత్తదే కనిపిస్తోంది. ప్రోగ్రామ్ నడిపితే మాత్రం పాత వెర్షన్ చూపిస్తోంది. మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. నా పక్కన కూర్చునే అబ్బాయికి అదే ఎన్విరాన్‌మెంట్ సరిగ్గా పనిచేస్తోంది. వారంలో రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: అమ్మా, నాలుగోసారి తీసి పెట్టినా ఇదే జరుగుతుంది. ఎన్విరాన్‌మెంట్‌లో తప్పు లేదు, ఇక దాని జోలికి వెళ్లకండి. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి, పైథాన్ తెరిచి, నంపైని ఇంపోర్ట్ చేసి, అది ఏ ఫైల్ నుంచి వచ్చిందో అడగండి. నంపై, చుక్క, రెండు అండర్‌స్కోర్‌లు, ఫైల్, మళ్లీ రెండు అండర్‌స్కోర్‌లు. ఎంటర్ కొడితే ఒక పొడవాటి దారి వస్తుంది. దాన్ని మొదటి నుంచి చదవండి. అందులో మీ ఎన్విరాన్‌మెంట్ పేరు ఉండదని నా అంచనా. మీ హోమ్ డైరెక్టరీ, ఆ తర్వాత చుక్కతో మొదలయ్యే లోకల్, దానిలో లిబ్, దానిలో పైథాన్ 3.10, దానిలో సైట్-ప్యాకేజెస్ అని ఉంటుంది. 3.10 బదులు మీ వెర్షన్ ఏదైతే అది.

అక్కడికి అదెలా చేరిందంటే, ఎప్పుడో క్లస్టర్‌లోని పైథాన్ మీద పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి ఉంటారు. ఆ పైథాన్ ఉన్న చోట రాయడానికి మీకు అనుమతి ఉండదు. 2020లో వచ్చిన పిప్ 20.0 నుంచి, అలాంటప్పుడు పిప్ ఆగిపోవడం లేదు. "మామూలు చోట రాయలేను కాబట్టి యూజర్ ఇన్‌స్టాలేషన్ చేస్తున్నాను" అని ఒక లైన్ చూపించి, మీ హోమ్‌లోని ఆ చుక్క లోకల్‌లో పెట్టేస్తుంది. ఆ లైన్ వెనకే వంద లైన్లు వచ్చిపడతాయి కాబట్టి ఎవరి కంటా పడదు. చుక్కతో మొదలయ్యే పేరు కాబట్టి మామూలుగా లిస్ట్ కొట్టినా కనిపించదు.

ఇక పైథాన్ వెతికే వరుసలో ఈ యూజర్ డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్ సొంత సైట్-ప్యాకేజెస్ కంటే ముందు వస్తుంది. వెర్షన్‌లోని మొదటి రెండు సంఖ్యలు (3, 10) కలిస్తే చాలు. అంటే 3.10 కోసం ఎప్పుడో పెట్టింది, ఈ రోజు మీరు తయారు చేసిన ప్రతి 3.10 కోండా ఎన్విరాన్‌మెంట్‌లోకీ ముందువరసలో వచ్చి కూర్చుంటుంది. పైథాన్‌తో పాటే వచ్చే ఎన్విరాన్‌మెంట్ పద్ధతి వెన్వ్ అయితే మామూలుగా ఈ దారి మూసే ఉంచుతుంది. కోండా మూయదు, ఎందుకంటే కోండా ఎన్విరాన్‌మెంట్ అంటే పూర్తి స్థాయి పైథానే. కోండా లిస్ట్ ఎన్విరాన్‌మెంట్ లోపలే చూస్తుంది కాబట్టి కొత్త వెర్షన్ చూపించింది. అది అబద్ధం చెప్పలేదు. పక్క అబ్బాయి చుక్క లోకల్ ఖాళీగా ఉండి ఉంటుంది, అందుకే అతనికి ఏ గొడవా లేదు.

ఆ డైరెక్టరీని తుడిచేయకండి, పేరు మార్చండి. చివర "పాత" అని తగిలించినా చాలు. మీ పాత స్క్రిప్ట్‌లు ఏవైనా దాని మీద ఆధారపడి ఉంటే అప్పుడు బయటపడతాయి, వాటికి విడిగా ఎన్విరాన్‌మెంట్ కట్టుకోవచ్చు. తర్వాత పైథాన్ నో యూజర్ సైట్ అనే నాలుగు మాటలను ఖాళీ లేకుండా పెద్ద అక్షరాల్లో కలిపి రాసి, ఆ వేరియబుల్‌కి 1 ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయండి. దీన్ని జాబ్ స్క్రిప్ట్‌లో (క్లస్టర్‌కి అప్పగించే పనిని రాసే ఫైల్‌లో) కూడా రాయండి. మనం లాగిన్ అయ్యే కంప్యూటర్‌లో, అంటే లాగిన్ నోడ్‌లో మాత్రమే సరిచేసి, జాబ్‌లో మర్చిపోయి, రాత్రంతా పాత వెర్షన్‌తో లెక్కలు నడిపినవాళ్లను చూశాను.

రివ్యూకి వారం ఉందన్నారు. ఇది పది నిమిషాల పని. కానీ ఇప్పటిదాకా పాత నంపైతో వచ్చిన ఫలితాల్లో ఒకదాన్ని కొత్తదానితో మళ్లీ నడిపి, రెండూ ఒకటేనో కాదో చూసుకోండి. ఆ ప్రశ్న రివ్యూలో ఎవరూ అడగకపోయినా మీకు తెలిసి ఉండాలి.

ప్రశ్న: ఒక చిన్న లైబ్రరీ కోసం అడ్మిన్‌కి టికెట్ (అభ్యర్థన) పెట్టి నాలుగు రోజులు ఎదురుచూశాను. నా ల్యాప్‌టాప్‌లో అయితే సుడో కొట్టి నిమిషంలో పెట్టుకుంటాను. మా ల్యాబ్‌లో ఒకరిద్దరికైనా సుడో ఇస్తే ఏం పోతుంది? డాకర్ కూడా కుదరదంటున్నారు. మీరూ అడ్మినే కాబట్టి అటే మాట్లాడతారని తెలుసు, అయినా అడుగుతున్నాను.

జవాబు: నాలుగు రోజులు పని ఆగితే కోపం రావడం న్యాయమే. అంత ఆలస్యం కాకుండా చూడాల్సింది అడ్మినే, ఆ మాటలో నేను మీ పక్షం. సుడో, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగల అధికారం, ఆ విషయంలో మాత్రం కాదు. అది మిమ్మల్ని నమ్మకపోవడం వల్ల వచ్చిన నియమం కాదని మాత్రం నమ్మండి.

ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే ఆప్ట్ అయినా డీఎన్ఎఫ్ అయినా మామూలుగా ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే ఉంచుతుంది. వాడేది మీరొక్కరే కాబట్టి సరిపోతుంది. క్లస్టర్‌లో ఒకరి ప్రోగ్రామ్‌కి హెచ్‌డీఎఫ్5 అనే డేటా లైబ్రరీ 1.10 వెర్షన్ ఉండాలి, ఇంకొకరికి 1.14 లేనిదే పని జరగదు. ఒకరి కోసం పాతది తీసి కొత్తది పెడితే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, దాని మీద కట్టుకున్న ప్రోగ్రామ్‌లన్నీ కదులుతాయి. పైగా మీరు లాగిన్ నోడ్‌లో సుడోతో పెట్టింది, జాబ్‌లు నడిచే కంప్యూట్ నోడ్‌ల మీద ఉండదు. చాలా క్లస్టర్‌లలో కంప్యూట్ నోడ్‌లు బూట్ అయిన ప్రతిసారీ ముందే తయారుచేసిన ఇమేజ్ నుంచి లేస్తాయి. చేత్తో పెట్టింది ఏదైనా రీబూట్‌తో మాయమవుతుంది.

నాకు ఈ సంగతి ఎలా తలకెక్కిందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అప్పట్లో ఒక పెద్ద సర్వర్, దాని మీద అందరికీ కలిపి ఒకే లైబ్రరీ డైరెక్టరీ. ఒకరు ఒక గణిత లైబ్రరీ కొత్త వెర్షన్ అడిగారు. కంపైల్ చేసి, పాత ఫైల్ మీదే కాపీ కమాండ్‌తో వేసేశాను. నిమిషం పట్టలేదు. ఆ నిమిషంలోనే వేరే విభాగం అమ్మాయి జాబ్ ఆగిపోయింది. 11 రోజులుగా నడుస్తున్న జాబ్ అది. లాగ్ ఫైల్ చివర "బస్ ఎర్రర్" అనే రెండు మాటలు తప్ప ఇంకేమీ లేవు.

ఎందుకలా అయిందంటే, నడుస్తున్న ప్రోగ్రామ్ లైబ్రరీ ఫైల్ మొత్తాన్నీ ముందే మెమరీలోకి తెచ్చుకోదు. ఫైల్‌ను మ్యాప్ చేసుకుని, ఏ పేజీ కావాల్సి వస్తే ఆ పేజీ అప్పుడు తెచ్చుకుంటుంది. కాపీ కమాండ్ ఆ ఫైల్‌నే ఖాళీ చేసి, అందులోనే కొత్తది రాస్తుంది. ప్రోగ్రామ్ తనకు కావాల్సిన పేజీ కోసం వెళ్లేసరికి అక్కడ అది లేదు. కొత్త ఫైల్‌ను పక్కన వేరే పేరుతో రాసి, ఆ తర్వాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టి ఉంటే, పాత ఫైల్ ఆ జాబ్ ముగిసేదాకా డిస్క్ మీద బతికే ఉండేది. ఒక్క కమాండ్ తేడా. ఆ అమ్మాయి దగ్గరికి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె కాసేపు స్క్రీన్ వైపే చూసి, "సరే, మళ్లీ మొదలుపెడతాను" అంది. అప్పటినుంచి ఒకసారి ఇన్‌స్టాల్ అయిన డైరెక్టరీని నేను ముట్టుకోలేదు. కొత్త వెర్షన్‌కి కొత్త డైరెక్టరీ, అంతే.

ఇలా వెర్షన్‌కో డైరెక్టరీ ఉంచి, ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకునే వీలు కల్పించేవే మాడ్యూల్స్. జాన్ ఫర్లానీ 1991లో ఆ పద్ధతిని వివరించారు. మాడ్యూల్ లోడ్ అని కొడితే ఏదీ ఇన్‌స్టాల్ కాదు. ఆ డైరెక్టరీని మీ షెల్‌లోని పాత్ ముందు చేరుస్తుంది, లైబ్రరీ దారుల్లో చేరుస్తుంది. అన్‌లోడ్ అంటే తీసేస్తుంది. పక్కవాళ్ల షెల్‌కి ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు చాలా చోట్ల ఉన్నది ఎల్‌మాడ్, టెక్సస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్‌లో రాబర్ట్ మెక్‌లే లువా భాషలో రాసినది. ఇందులో ఒక సంగతి తెలియక చాలామంది అనవసరంగా టికెట్ పెడతారు. మాడ్యూల్ అవైల్ అంటే, కొన్ని క్లస్టర్‌లలో, మీరు లోడ్ చేసిన కంపైలర్‌కి సరిపడేవి మాత్రమే చూపిస్తుంది. మొత్తం చూడాలంటే మాడ్యూల్ స్పైడర్ అనాలి. మీ లైబ్రరీ అందులో ఉందేమో ముందు చూడండి.

లేకపోతే, సోర్స్ తెచ్చుకుని కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా మీ సొంత డైరెక్టరీ ఇవ్వండి. మేక్ ఇన్‌స్టాల్‌కి సుడో అడిగేది సిస్టమ్ డైరెక్టరీలో రాయబోతుంది కాబట్టే. మీ డైరెక్టరీలో రాస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ కంపైలింగ్ లాగిన్ నోడ్‌లోని కోర్‌లన్నీ పట్టుకుని చేయకండి, ఒక చిన్న ఇంటరాక్టివ్ జాబ్ తీసుకోండి. టికెట్ పెట్టక తప్పకపోతే "ఫలానా లైబ్రరీ కావాలి" అని వదిలేయకండి. వెర్షన్, సోర్స్ దొరికే చోటు, ఏ కంపైలర్‌తో కట్టాలి, మీకొక్కరికేనా ల్యాబ్ మొత్తానికా, పెట్టాక సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష. ఇవన్నీ ఉన్న టికెట్‌ని నేను ఆ రోజే చేతిలోకి తీసుకుంటాను, నాకు తెలిసిన అడ్మిన్‌లు అందరూ అంతే.

డాకర్ సంగతి. ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటన్నిటితో కలిపి కంటెయినర్ అనే పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్ అది. డాకర్ గ్రూప్‌లో ఉన్నవాళ్లు హోస్ట్ డిస్క్ మొత్తాన్నీ కంటెయినర్ లోపల మౌంట్ చేసుకుని రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాగా) అందులో ఏదైనా రాయగలరు. అంటే డాకర్ ఇవ్వడం, సుడో ఇవ్వడం ఒకటే. అందుకే క్లస్టర్‌లలో యాప్‌టైనర్ ఉంటుంది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగరీ కుర్ట్‌జర్ 2015లో సింగ్యులారిటీ పేరుతో మొదలుపెట్టారు, 2021లో లైనక్స్ ఫౌండేషన్‌లో చేరి యాప్‌టైనర్ అయింది. కంటెయినర్ లోపల కూడా మీరు మీరుగానే ఉంటారు, రూట్ కారు. డాకర్ ఇమేజ్‌లను అది నేరుగా తెచ్చుకుని తన రూపంలోకి మార్చుకోగలదు కాబట్టి మీ పని ఆగదు.

ప్రశ్న: ఒక టూల్ బైనరీ డౌన్‌లోడ్ చేశాను. నడిపితే "గ్లిబ్‌సీ 2.28 నాట్ ఫౌండ్" అంటోంది. కొత్త గ్లిబ్‌సీ నేనే కంపైల్ చేసి ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో పెడితే సరిపోతుందని ఎవరో అన్నారు. పెట్టేశాక ఎల్‌ఎస్ కొట్టినా సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది!

జవాబు: ఎల్‌డీ లైబ్రరీ పాత్ అంటే లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్. ముందు ఆ లైన్ షెల్ స్టార్టప్ ఫైల్‌లో రాశారేమో చూడండి. రాసి ఉంటే, ఇప్పుడు తెరిచి ఉన్న షెల్‌ను మూయకండి. మూస్తే మళ్లీ లాగిన్ కావడం కూడా కష్టమవుతుంది. ఈ షెల్‌లోనే అన్‌సెట్ కమాండ్‌తో ఆ వేరియబుల్ తీసేయండి. అన్‌సెట్ షెల్‌లోనే భాగం, దానికి విడి ప్రోగ్రామ్ అక్కర్లేదు కాబట్టి ఇప్పుడు కూడా పనిచేస్తుంది. ఎల్‌ఎస్ తిరిగి వస్తుంది. అప్పుడు ఫైల్ తెరిచి ఆ లైన్ కొట్టేయండి.

గ్లిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లూ ఆధారపడే మూల లైబ్రరీ. దాన్ని మిగతా లైబ్రరీల్లా మార్చకూడదు. ప్రతి ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే లోడర్, గ్లిబ్‌సీ రెండూ ఒకే వెర్షన్ జంటగా ఉండాలి. మీరు ఒకదాన్ని మార్చారు, లోడర్ మాత్రం సిస్టమ్‌దే. అందుకే ఎల్‌ఎస్ కూడా పడిపోయింది.

మీ క్లస్టర్ సెంటాస్ 7 అనే లైనక్స్ మీద ఉండి ఉంటుంది. దాని గ్లిబ్‌సీ 2.17. రెడ్‌హ్యాట్ 8లో 2.28, 9లో 2.34. పాత గ్లిబ్‌సీ మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడవదు. ఆ టూల్‌ను సోర్స్ నుంచి క్లస్టర్ మీదే కంపైల్ చేసుకోండి. లేదా కోండా ప్యాకేజీలు దొరికే కోండా-ఫోర్జ్‌లో ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోండి, వాళ్లు పాత గ్లిబ్‌సీలను దృష్టిలో పెట్టుకునే కడతారు. రెండూ కుదరకపోతే యాప్‌టైనర్. కంటెయినర్ తన గ్లిబ్‌సీ తానే తెచ్చుకుంటుంది, కెర్నెల్ మాత్రమే హోస్ట్‌ది. సెంటాస్ 7కి సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్‌లు కూడా ఆగిపోయాయి. అప్‌గ్రేడ్ ఎప్పుడని మీ అడ్మిన్‌ని మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

ప్రశ్న: నా హోమ్‌లో సగం చోటు ఖాళీగానే ఉంది. అయినా "డిస్క్ కోటా ఎక్సీడెడ్" అంటోంది. ఎన్విరాన్‌మెంట్‌లన్నీ స్క్రాచ్‌లోకి మార్చేద్దామని అనుకుంటున్నాను. సరైన పనేనా?

జవాబు: స్క్రాచ్‌లోకి (తాత్కాలిక ఫైళ్ల కోసం ఉంచిన చోటులోకి) మాత్రం వద్దు. ఎందుకో చెప్పేముందు కోటా సంగతి. కోటా రెండు రకాలు. ఒకటి ఎన్ని జీబీలని, ఇంకొకటి ఎన్ని ఫైళ్లని. మీకు నిండింది రెండోది. ఒక మోస్తరు కోండా ఎన్విరాన్‌మెంట్‌లోనే వేలకొద్దీ ఫైళ్లు ఉంటాయి. డీయూ కమాండ్‌కి ఇనోడ్స్ అనే ఆప్షన్ ఇచ్చి చూడండి, ఏ డైరెక్టరీ ఎన్ని ఫైళ్లు మింగుతోందో తెలుస్తుంది. కోండా క్లీన్ ఆల్ కొడితే కాస్త ఊపిరి ఆడుతుంది.

ఎన్విరాన్‌మెంట్‌లు పెట్టడానికి సరైన చోటు మీ ప్రాజెక్ట్ డైరెక్టరీ. కోండా సెట్టింగ్స్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ల దారినీ ప్యాకేజీల క్యాష్ దారినీ రెండింటినీ అక్కడికే మార్చండి. రెండూ ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఉంటే కోండా హార్డ్ లింక్‌లతో సరిపెడుతుంది, ఒకే ఫైల్‌ను పది ఎన్విరాన్‌మెంట్‌లు పంచుకుంటాయి. వేరు వేరు చోట్ల ఉంటే పదిసార్లు కాపీ చేస్తుంది.

ఇక స్క్రాచ్. అక్కడ కొన్ని వారాలుగా ఎవరూ చదవని ఫైళ్లను ఆటోమేటిక్‌గా తుడిచేయడం చాలా క్లస్టర్‌లలో నియమం. ఎన్విరాన్‌మెంట్ రోజూ వాడుతున్నాను కదా అనుకుంటారు. మీరు వాడుతున్నా అందులోని పైథాన్ సోర్స్ ఫైళ్లను పైథాన్ రోజూ చదవదు. మొదటిసారి చదివి, కంపైల్ చేసిన రూపాన్ని పైక్యాష్ డైరెక్టరీలో దాచుకుంటుంది. తర్వాత నుంచి సోర్స్ ఫైల్ తేదీ, సైజు చూసి, దాచుకున్నదే వాడుతుంది. తేదీ చూడటం చదవడం కింద లెక్కకు రాదు. కొన్ని వారాలకు స్క్రాచ్ శుభ్రం చేసే ప్రోగ్రామ్ వచ్చి సోర్స్ ఫైళ్లను తుడిచేస్తుంది. సోర్స్ లేకపోతే పైక్యాష్‌లోది ఉన్నా పైథాన్ దాన్ని పట్టించుకోదు. పోయింది ఒక ప్యాకేజీ ఇనిట్ ఫైల్ అయితే మరీ తికమక. ఇనిట్ లేని డైరెక్టరీని కూడా పైథాన్ ఖాళీ ప్యాకేజీగా ఒప్పుకుంటుంది కాబట్టి ఇంపోర్ట్ ఎర్రర్ రాదు. ఇంపోర్ట్ అవుతుంది, లోపల ఏ ఫంక్షనూ ఉండదు. ఒక పోస్ట్‌డాక్ దీని వెంట రెండు రోజులు తిరిగి నా దగ్గరికి వచ్చారు. ఇద్దరం కూర్చుని ఆ డైరెక్టరీ తెరిస్తే పైక్యాష్ ఒక్కటే మిగిలి ఉంది.

వందలకొద్దీ ప్రాసెస్‌లు ఒకేసారి మొదలయ్యే జాబ్‌లు మీవైతే ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. క్లస్టర్ మొత్తం పంచుకునే లస్టర్ లాంటి ఫైల్ సిస్టమ్‌లో "ఈ ఫైల్ ఉందా" అని అడిగితే ఆ ప్రశ్న సాధారణంగా ఫైళ్ల వివరాలు చూసుకునే మెటాడేటా సర్వర్‌కి వెళ్తుంది. పైథాన్ ఒక్క ఇంపోర్ట్‌కే చాలా చోట్ల అలా అడుగుతుంది. దాన్ని 500 ప్రాసెస్‌లతో గుణించండి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలో కాస్త చేస్తే, ఎక్కడో ఎవరో ఎల్‌ఎస్ కొట్టినా అర నిమిషం పడుతుంది. యాప్‌టైనర్ ఇమేజ్ ఒకే పెద్ద ఫైల్ కాబట్టి ఈ వెతుకులాట చాలావరకు కంప్యూట్ నోడ్‌లోనే ముగుస్తుంది. అది వద్దనుకుంటే, ఎన్విరాన్‌మెంట్‌ను కోండా-ప్యాక్‌తో ఒక్క ఫైల్‌గా మూటకట్టి, జాబ్ మొదట్లో నోడ్ సొంత డిస్క్ మీద విప్పుకోండి.

ప్రశ్న: 64 ప్రాసెస్‌లతో జాబ్ వేస్తే ప్రతి ఒక్కటీ "నా ర్యాంక్ 0, మొత్తం 1" అంటోంది. ఎంపీఐ4పై కోండాతో పెట్టాను.

జవాబు: ఎంపీఐ అంటే ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, ఎంపీఐ4పై దాన్ని పైథాన్‌కి అందించే ప్యాకేజీ, ర్యాంక్ అంటే ప్రాసెస్ వరుస సంఖ్య. మీ కోండా ప్యాకేజీతో దాని సొంత ఎంపీఐ కూడా వచ్చింది. జాబ్‌ను లేపుతున్నది మాత్రం క్లస్టర్ ఎంపీఐ. ఆ ఇద్దరికీ మాట కలవలేదు, అందుకని 64 ప్రాసెస్‌లూ ఎవరికి వారు ఒంటరిగా నడుస్తున్నాయి. ఒకే లెక్క 64 సార్లు చేస్తున్నాయి, ఒకే అవుట్‌పుట్ ఫైల్ మీద 64 సార్లు రాస్తున్నాయి. ఇప్పటిదాకా వచ్చిన అవుట్‌పుట్ పక్కన పెట్టేయండి. క్లస్టర్ ఎంపీఐ మాడ్యూల్ లోడ్ చేసి, పిప్‌కి నో బైనరీ ఆప్షన్ ఇచ్చి ఎంపీఐ4పైని సోర్స్ నుంచి కట్టండి. ఆ తర్వాత గెట్ లైబ్రరీ వెర్షన్ ఫంక్షన్‌ను పిలిస్తే ఏ ఎంపీఐతో కట్టారో పేరుతో సహా చెబుతుంది. అది మాడ్యూల్ పేరుతో కలిస్తే జాబ్ వేయండి.

ప్రశ్న: నేను కంపైల్ చేసిన ప్రోగ్రామ్ కొన్ని నోడ్‌లలో నడుస్తోంది, కొన్నింటిలో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతోంది. కోడ్‌లో తప్పేమిటి?

జవాబు: చాలావరకు కోడ్‌ది కాదు. కంపైల్ చేసేటప్పుడు మార్చ్ నేటివ్ అని ఇచ్చారేమో చూడండి. అంటే "ఈ ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో అవన్నీ వాడుకో" అని. కంపైల్ చేసిన నోడ్ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్-512 అనే ఆదేశాల సమితి ఉండి, పాత కంప్యూట్ నోడ్‌లలో లేకపోతే ఇలాగే ఆగిపోతుంది. అన్నింటికంటే పాత నోడ్‌ను లక్ష్యంగా పెట్టి కంపైల్ చేయండి, లేదా జాబ్‌కి ఒకే రకం నోడ్‌లు అడగండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ల్యాబ్‌లో ఒక విద్యార్థి రెండు నెలల్లో వెళ్లిపోతున్నారు. అందరూ వాడేది ఆయన హోమ్‌లోని వెన్వ్. దాన్ని ల్యాబ్ డైరెక్టరీలోకి కాపీ చేయించాను, బాగానే పనిచేస్తోంది. ఇంకేమైనా చేయాలా? (ఒక ప్రొఫెసర్)

జవాబు: సార్, ఆ కాపీ పనిచేస్తున్నట్టు కనిపించడమే నన్ను కంగారు పెడుతోంది. వెన్వ్‌లోని యాక్టివేట్ స్క్రిప్ట్‌లో, బిన్‌లో ఉన్న పిప్ లాంటి ప్రతి స్క్రిప్ట్ మొదటి లైన్‌లో, అది మొదట తయారైన దారి పూర్తిగా రాసి ఉంటుంది. మీరు కాపీని యాక్టివేట్ చేసినా అది తిరిగి ఆ విద్యార్థి హోమ్‌నే పాత్‌లో పెడుతుంది. మీ ల్యాబ్ ఈ రోజుకీ ఆయన హోమ్ నుంచే నడుస్తోంది. యాక్టివేట్ చేసి విచ్ పైథాన్ అని కొట్టండి, ఎవరి పేరు కనిపిస్తుందో చూడండి. ఆయన ఖాతా మూసిన రోజు అందరి పనీ ఒకేసారి ఆగిపోతుంది.

ఎన్విరాన్‌మెంట్‌ను మోసుకురావడం కాదు, దాన్ని ఎలా కట్టారో ఆ వివరం రాసి తీసుకోవాలి. పాత వెన్వ్‌లో పిప్ ఫ్రీజ్ కొట్టి ఆ జాబితాను ఫైల్‌లో పెట్టించండి. అందులో లేనివి కూడా ఉంటాయి. ఏ పైథాన్ మాడ్యూల్ మీద కట్టారు, అప్పుడు ఏ కంపైలర్ లోడ్ అయి ఉంది, ఏ ప్యాకేజీని ఆయన చేత్తో మార్చారు. ఇవి ఆయన తలలో మాత్రమే ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టి అడిగి రాయించండి. కోండా అయి ఉంటే ఎక్స్‌పోర్ట్‌కి ఫ్రమ్ హిస్టరీ అనే ఆప్షన్ ఇస్తే, వందలకొద్దీ పేర్లలోంచి ఆయన కోరి పెట్టినవి మాత్రమే వస్తాయి. రెండు రకాల జాబితాలూ దాచుకోండి.

మీ ల్యాబ్‌లో సీ, ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్‌లు కూడా ఎక్కువైతే స్పాక్ అనే ప్యాకేజీలు కట్టే పనిముట్టు నేర్చుకోమని ఒకరికి చెప్పండి. లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో టాడ్ గాంబ్లిన్ 2013లో మొదలుపెట్టారు. సుడో అక్కర్లేదు. ఏ వెర్షన్, ఏ కంపైలర్, ఏ ఆప్షన్‌లు అన్న లెక్కలోంచి ఒక హ్యాష్ (గుర్తింపు సంకేతం) తీసి డైరెక్టరీ పేరులోనే పెడుతుంది కాబట్టి ఒకే లైబ్రరీ పది రకాలుగా ఉన్నా ఒకదానికొకటి అడ్డురాదు. లాక్ ఫైల్ ఒకటి ఇస్తుంది, అది కోడ్‌తో పాటు గిట్‌లో ఉండాలి. గెంట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈజీబిల్డ్ కూడా ఇలాంటిదే. మీ అడ్మిన్ ఈ రెండింటిలో ఏది వాడుతుంటే అది తీసుకోండి, సాయం దొరుకుతుంది.

కొత్త ఎన్విరాన్‌మెంట్‌ను ల్యాబ్ డైరెక్టరీలో కట్టండి. ఆ డైరెక్టరీకి సెట్‌జీఐడీ బిట్ పెట్టించండి, లోపల ఎవరు ఫైల్ రాసినా ల్యాబ్ గ్రూప్ పేరు మీదే ఉంటుంది. రాసే అనుమతి ఇద్దరికి చాలు, మిగతావాళ్లకి చదివే అనుమతి. మార్పు కావాలంటే పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన తేదీ పేరుతో కొత్తది కట్టమనండి.

ఆ తర్వాత, పాతది ఇంకా బతికి ఉండగానే, ఇదివరకే ఫలితం తెలిసిన ఒక జాబ్‌ను రెండింటితోనూ నడిపించి అంకెలు పోల్చండి. కలిస్తే, ఆ విద్యార్థిని తన వెన్వ్ డైరెక్టరీ పేరు మార్చమనండి. తుడవద్దు, పేరు మాత్రమే. ఒక వారం అలా ఉంచితే ఎవరి స్క్రిప్ట్‌లో ఆ పాత దారి ఇంకా రాసి ఉందో వాళ్లే మీ దగ్గరికి వస్తారు. రెండు నెలలు ఉందన్నారు. పేరు మార్చే పని మాత్రం మొదటి నెలలోనే పెట్టుకోండి, ఏది ఆగిపోయినా అడగడానికి ఆయన ఇంకా పక్క సీట్లోనే ఉంటారు.